స్లాబ్ పోసే ముందురోజు

మా కొత్త ఇంట్లో నెట్ బాగా వచ్చే చోటు మెట్ల మలుపు. కింద హాల్లోంచి తొమ్మిది మెట్లు ఎక్కితే వస్తుంది. అక్కడ ఒక ప్లాస్టిక్ స్టూలు ఎప్పుడూ ఉంటుంది. పొద్దున్నే నాన్న దానిమీద కూర్చుని అమెరికాలో ఉన్న అక్కతో వీడియో కాల్ మాట్లాడతాడు. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఆవిడ కోసం ఫోను కిందికి తెస్తే, ఆవిడ గది గుమ్మం దాటగానే అక్క మొహం ఫోటోలా ఆగిపోతుంది. "అలిగిందేంట్రా పిల్ల, పలకట్లేదు?" అంటుంది నాయనమ్మ.

2,800 చదరపు అడుగుల ఇల్లు. కింద ఒకటి, పైన ఒకటి, డాబా మీద ఒక గది. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బు దాదాపు మొత్తం అందులోనే ఉంది. గ్రానైటు కోసం చీమకుర్తి దాకా వెళ్ళొచ్చాం. వాస్తు కోసం వంటింటి తలుపు రెండుసార్లు జరిపించాం. నెట్ కోసం మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆ 'ఎవరూ' నేనే.

మొదటి స్లాబ్ పోసే ముందురోజు సాయంత్రం ఎలక్ట్రీషియన్ అన్న నన్నే అడిగాడు. సెంట్రింగ్ మీద ఇనుప చువ్వలు కట్టేశారు, ఆయన ఫ్యాన్ బాక్సులు పెట్టి పైపులు పరుస్తున్నాడు. "బాబూ, నువ్వు ఇంజినీరింగే కదా. నెట్‌కి ఏమన్నా పాయింట్లు పెట్టమంటావా? ఇప్పుడైతే రెండు పైపులు వేసేస్తా" అన్నాడు. అప్పుడు నేను ఈసీఈ రెండో సంవత్సరం. చాలా ధీమాగా చెప్పాను: "వైర్లెందుకన్నా, అంతా వైర్‌లెస్సే కదా ఇప్పుడు."

మర్నాడు కాంక్రీటు పడింది. నా మాట కూడా దాంతోపాటే గట్టిపడిపోయింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం, మన క్లబ్బు గ్రూపులో ఈ నెలలోనే ముగ్గురు "మా ఇంట్లో ఇల్లు కడుతున్నారు, ఏ రౌటర్ కొనాలి?" అని అడగడం. ప్రశ్నే తప్పు అని నా అభిప్రాయం. రౌటర్ సంగతి గృహప్రవేశం వారం ముందు చూసుకోవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు అడగాల్సింది పైపు ఎక్కడ, ఎంత లావు, ఎన్ని అని. గోడ పూత అయ్యాక ఎంత మంచి రౌటర్ కొన్నా అది ఆ తప్పు చుట్టూ తిరిగే ప్రయత్నమే.

మనం చదివిందే ఒకసారి గుర్తు చేసుకుందాం. 10 డెసిబెల్స్ పోతే పదో వంతు మిగులుతుంది. ఇరవై పోతే వందో వంతు. చువ్వలున్న కాంక్రీటు స్లాబ్ ఒక్కటే 5 గిగాహెర్ట్జ్ తరంగాన్ని పది డెసిబెల్స్‌కి పైనే తినేస్తుంది. దాని తరువాత తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, బాత్రూమ్ టైల్స్, బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం. అద్దం వెనక పూత లోహం, బీరువా ఇనుము. నాయనమ్మ గదికీ మా రౌటర్‌కీ మధ్య ఇవన్నీ వరసగా ఉన్నాయి. పైగా అమ్మకి ఆ పెట్టె హాల్లో కనపడటం ఇష్టంలేక టీవీ కింద చెక్క అరలో పెట్టించింది. వీటన్నిటినీ నేను కాగితం మీద లెక్క కట్టగలను. అదే సెమిస్టర్లో యాంటెన్నాల పేపర్లో లింక్ బడ్జెట్ లెక్క చేసి పూర్తి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ లెక్కలో ఉపగ్రహం ఉంది, భూమి మీద స్టేషన్ ఉంది, మా నాయనమ్మ గది లేదు.

ఇంకో సంగతి, చాలామంది గమనించరు. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. గీతలు చూపేది రౌటర్ మాట మన ఫోనుకి ఎంత గట్టిగా వినిపిస్తుందన్నది. మన ఫోను మాట రౌటర్‌కి వినపడాలి కదా. ఫోను బ్యాటరీ మీద బతికేది, దాని గొంతు చిన్నది. అందుకే "ఎక్కువ పవరున్న రౌటర్ కొందాం" అన్న సలహా సగమే పనిచేస్తుంది. మైకులో అరిచేవాడి మాట ఊరంతా వినిపిస్తుంది, ఊళ్ళోవాళ్ళ జవాబు వాడికి వినపడదు.

అంతేకాదు, గాలి అందరిదీ. ఒక ఛానల్లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. దూరపు గదిలో ఉన్న ఫోను సిగ్నల్ సరిగా లేక నెమ్మదిగా మాట్లాడుతుంది. అది మాట్లాడినంతసేపూ మిగతావాళ్ళు ఆగాలి. పెళ్ళిలో మైకు దొరికిన పెద్దాయన ఒక్కో మాటా సాగదీస్తూ ఉంటే వెనక వంటవాళ్ళ దాకా అందరూ ఆగినట్టు. కాబట్టి ఒక మూల గదిలో నెట్ బాగా లేకపోవడం ఆ గది ఒక్కదాని సమస్య కాదు.

గృహప్రవేశం అయ్యాక నేను చేసిన మొదటి పని ఒక ఎక్స్‌టెండర్ కొనడం. మెట్ల మలుపులో సాకెట్ ఉంది, అక్కడ పెట్టాను. (స్టూలు అక్కడికి చేరింది అందుకే.) అలాంటి చిన్న ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో రౌటర్‌తోనూ మాట్లాడాలి, మన ఫోనుతోనూ మాట్లాడాలి. విన్న ప్రతి మాటా మళ్ళీ చెప్పాలి. దాంతో వేగం దాదాపు సగం అవుతుంది. రెండోది పెడితే ఆ సగంలో సగం. తరువాత మెష్ సెట్టు కొందామన్నాను. నాన్న ఒకటే అడిగాడు: "ముందు కొన్నది పనిచేస్తుందనే కదరా కొనిపించావు?"

మెష్ మీద నాకు కోపం లేదు. మంచి వస్తువే. కానీ ఆ మూడు పెట్టెలనీ వైరుతో కలిపితేనే అది పూర్తిగా మెష్‌లా పనిచేస్తుంది. గాలి ద్వారానే కలిపితే అవి కూడా అదే స్లాబ్, అదే ఇటుక గోడ దాటాలి. ఫోను దాటలేని గోడని పెట్టె కొంచెం మేలుగా దాటుతుంది, అంతే.

నీళ్ళ విషయంలో మనకి ఈ తికమక లేదు. మూడంతస్తుల ఇల్లు కట్టి, సంపు దగ్గర ఒకే పెద్ద షవర్ పెట్టి, దాని జల్లు పై బాత్రూమ్ దాకా కొట్టాలని ఎవరూ అనరు. ప్రతి బాత్రూమ్‌కీ పైపు వెళ్తుంది, చివర చిన్న షవర్ ఉంటుంది. నెట్ కూడా అంతే. వైరు పైపు, వైఫై షవర్. రెండింటిలో ఏది గొప్ప అని హాస్టల్లో వాదించుకోవడం అనవసరం. ఇంటి లోపల దూరం వైరు మొయ్యాలి, చివరి నాలుగు మీటర్లు గాలి మొయ్యాలి.

"వైరు పాతకాలం కదా" అనేవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. 1999లో రెండు ప్రమాణాలు వచ్చాయి. ఒకటి 802.11బి, సెకనుకి గరిష్ఠంగా 11 మెగాబిట్ల వైఫై. రెండోది 802.3ఏబి, నాలుగు జంటల రాగి తీగ మీద 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ ఈథర్‌నెట్. ఆ ఏడాది వైఫై పెట్టెని ఈరోజు పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. దాని తరువాత ఎన్ని తరాలు మారాయో మనకి తెలుసు, ఇప్పుడు ఏడో తరంలో ఉన్నాం. కానీ ఆ గిగాబిట్ కోసం గోడలో వేసిన మంచి కేబుల్ ఇంకా గిగాబిట్ మోస్తుంది. అదే క్యాట్ 5ఈ కేబుల్ మీద 2.5 గిగాబిట్లు నడిపే ప్రమాణం 2016లో వచ్చింది. ఈరోజు క్యాట్ 6 వేస్తే ఇంటి లోపలి దూరాలకి 10 గిగాబిట్ల దాకా దారి ఉన్నట్టే. పెట్టె ఐదేళ్ళ వస్తువు, కేబుల్ పాతికేళ్ళ వస్తువు, పైపు ఇల్లున్నంత కాలం ఉండే వస్తువు. మనం ఆలోచించే సమయం మాత్రం సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: పెట్టె కోసం పది వీడియోలు చూస్తాం, పైపు కోసం పది నిమిషాలు కూడా నిలబడం.

మా బాబాయ్ వాళ్ళు తెనాలిలో ఈ వేసవిలో ఇల్లు మొదలుపెట్టారు. మాకంటే పెద్దది, బాబాయ్, ఆయన తోడల్లుడు కలిసి కట్టుకుంటున్నది. ఈసారి నేను ఎవరూ అడగకముందే వెళ్ళాను. జేబులో సుద్దముక్క, చేతిలో ప్లాను.

మొదటి గొడవ వాస్తుతో వచ్చింది. వైఫై దృష్టితో చూస్తే పెట్టె ఇంటి మధ్యలో ఉండాలి. వాస్తు దృష్టితో ఇంటి మధ్య బ్రహ్మస్థానం, ఖాళీగా ఉండాలి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు. వాస్తు చెప్పే పెద్దాయన కాసేపు ఆలోచించి, "కరెంటు సామాను కాబట్టి ఆగ్నేయంలో పెట్టుకోండి" అన్నారు. ఆగ్నేయం అంటే వంటింటి పక్క, ఇంటికి ఒక కొస. ఒక్క రౌటర్‌తో సరిపెట్టుకునే ఇల్లయితే అక్కడే యుద్ధం మొదలయ్యేది. కానీ వైర్లు వేస్తున్నప్పుడు అసలు పెట్టె ఏ మూలనున్నా ఒకటే. ఫైబర్ బాక్సు, రౌటర్, స్విచ్ అన్నీ స్టోరు గదిలో ఆగ్నేయం వైపు గోడకి. అక్కడినుంచి ప్రతి అంతస్తు మధ్యకీ ఒక కేబుల్, దాని చివర సీలింగ్‌కి పళ్ళెంలా కనపడే యాక్సెస్ పాయింట్. "దీనికి బరువెంత?" అన్నారు ఆయన. కిలో కూడా ఉండదన్నాను. ఫ్యాను కంటే తక్కువే కదా అని ఒప్పుకున్నారు. నేను నాలుగేళ్ళలో నెగ్గిన ఏకైక వాదన అదే అనుకుంటా.

ఆ సీలింగ్ పాయింట్‌కి పక్కన కరెంటు సాకెట్ అక్కర్లేదు. పీఓఈ స్విచ్ వాడితే డేటా వెళ్ళే కేబుల్‌లోనే కరెంటు కూడా వెళ్తుంది. మామూలు యాక్సెస్ పాయింట్‌కి 15 వాట్ల ప్రమాణం చాలు, పెద్దవాటికి 30 వాట్లది కావాలి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. స్టోరు గదిలో ఆ ఒక్క సాకెట్‌ని ఇన్వర్టర్ లైనులో పెడితే కరెంటు పోయినా ఇంటి నెట్ మొత్తం నిలుస్తుంది. మన ఊళ్ళలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆన్‌లైన్ పరీక్ష రాసినవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు. ఒక జాగ్రత్త: ఆ సామాను గాలి ఆడని చెక్క అరలో బిగించకండి. వేడికి ముందు పోయేది అదే.

ఇక ఏ గదికి ఎన్ని. బాబాయ్ ముందు చెప్పింది హాల్లో టీవీకి ఒకటి, తన ఆఫీసు గదికి ఒకటి, తమ్ముడి గదికి ఒకటి. పిన్ని పక్కనే నిలబడి వింటోంది. కాసేపటికి, "మరి నేను ట్యూషన్ చెప్పేది వంటింటి పక్క వరండాలో కదా, అక్కడికి ఏదీ?" అంది. పిన్ని సాయంత్రాలు ఎనిమిదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్తుంది. ఇంట్లో నెట్‌తో రోజూ సంపాదించేది ఆవిడ ఒక్కతే. ప్లానులో ఆవిడ చోటే లేదు. మా ఇంట్లో నాయనమ్మ గది మర్చిపోయింది గుర్తొచ్చి నాకు కాసేపు మాట రాలేదు. అప్పటినుంచి నేను గదుల పేర్లు అడగడం మానేశాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని ఏం చేస్తారు అని అడుగుతున్నాను. వరండా గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాం.

కదలని వస్తువు ప్రతిదానికీ వైరు అన్నది నా నియమం. టీవీ, కంప్యూటర్ బల్ల, ప్రింటర్, కెమెరాలు. ముఖ్యంగా కెమెరాలు. రోజంతా వీడియో పంపే కెమెరాలని వైఫై మీద పెడితే ఆ గాలంతా వాటికే సరిపోతుంది. కదిలే ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి గాలిని వదిలెయ్యాలి. ప్రతి చోటా ఒక కేబుల్ సరిపోతుందనిపిస్తే రెండు వెయ్యండి. 305 మీటర్ల పెట్టె ఎలాగూ మొత్తం కొనాల్సిందే, మిగిలింది అటక మీద పడుంటుంది.

కేబుల్ కొనేటప్పుడు బ్లేడు తీసుకెళ్ళండి. తీగ పైపొర గీకితే లోపల తెల్లగా కనపడితే అది అల్యూమినియం మీద రాగి పూత. పెట్టె మీద క్యాట్ 6 అని పెద్దక్షరాలతో ఉన్నా సరే, వద్దు. పెళుసుగా ఉంటుంది, పీఓఈ కరెంటుకి వేడెక్కుతుంది. లోపలిదాకా ఎర్రగా ఉండాలి. షాపులో మొహమాటపడకండి. బంగారం గీటురాయి మీద గీసి చూసే జాతి మనది.

కరెంటు తీగలూ నెట్ కేబులూ ఒకే పైపులో వెయ్యకూడదు. ఇది మేస్త్రితో, ఎలక్ట్రీషియన్‌తో, మళ్ళీ వాళ్ళు లేనప్పుడు వచ్చే కుర్రాడితో కూడా విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే పైపు ఆదా అవుతుందని చివరికి ఎవరో ఒకరు కలిపేస్తారు. ప్రమాదం ఒక కారణం, రొద ఇంకో కారణం. రెండు పైపులు గోడలో కాస్త ఎడంగా నడవాలి, దాటాల్సివస్తే అడ్డంగా దాటాలి. 25 మిల్లీమీటర్ల పైపులో మూడు కేబుళ్ళు సుఖంగా పడతాయి. మూల తిరిగే చోట కోసుగా ఉండే ఎల్బో కాకుండా వంపు తిరిగిన బెండ్ పెట్టించాలి. కేబుల్‌ని గట్టిగా గుంజితే లోపల జంటల మెలిక చెడుతుంది, వేగం పోతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఖాళీ పైపు. వీధిలో స్తంభం వైపు గోడనుంచి స్టోరు గదికి ఒకటి, స్టోరు గదినుంచి డాబా మీదికి ఒకటి. లోపల ఏమీ లేకుండా, ఒక నైలాన్ తాడు మాత్రం వేసి రెండు కొసలా మూత పెట్టి వదిలెయ్యాలి. పదేళ్ళ తరువాత ఏం వస్తుందో మనకి తెలియదు, అది లోపలికి రావడానికి ఒక దారి మాత్రం కావాలి. మా క్లాసులో ఒకడు "5జీ ఎయిర్ ఫైబర్ వచ్చాక ఇంకా ఈ వైర్ల గోల ఏంట్రా" అన్నాడు. వాళ్ళింట్లోనే అది ఉంది. దాని పెట్టె డాబా మీద, పిట్టగోడకి. అక్కడినుంచి కిందికి ఎలా వచ్చింది? కేబుల్ మీదే. పైపు లేదు కాబట్టి కిటికీ సందులోంచి. ఆ కిటికీ అప్పట్నుంచీ పూర్తిగా మూతపడట్లేదు, రాత్రిళ్ళు దోమలు. గాలిలో వచ్చే ఇంటర్నెట్‌కి ఇంత పెద్ద వైరేంటని వాడి అమ్మగారు అడిగారట. నాకు నచ్చిన ప్రశ్న.

ఇదంతా అందరికీ అవసరమని నేను అనను. రెండు పడకగదుల ఫ్లాట్ అయితే మధ్యలో, ఎత్తులో, తెరిచి ఉన్నచోట ఒక మంచి రౌటర్ పెట్టి హాయిగా ఉండండి. టీవీ దగ్గరికి ఒక కేబుల్ ఉంటే చాలు. అద్దె ఇంట్లో గోడలు కొట్టించే పనీ పెట్టుకోకండి. నేను మాట్లాడుతున్నది రెండు మూడు స్లాబులు, పది గోడలు ఉన్న ఇళ్ళ గురించి. అలాంటి ఇళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో చాలానే లేస్తున్నాయి, వాటిలో చాలావాటికి 'ఇంజినీరింగ్ చదివే అబ్బాయి, అమ్మాయి' మనమే. డబ్బు లెక్క కూడా పెద్దదేం కాదు. బాబాయ్ వాళ్ళింట్లో పైపులు, కేబుల్, జాకులు అన్నీ కలిపి వేసిన అంచనా మెట్ల స్టీలు రెయిలింగ్ ఖర్చులో నాలుగో వంతు రాలేదు.

గోడలు పూయకముందు ప్రతి గోడనీ ఫోటో తీసి పెట్టుకోండి, పక్కన టేపు పట్టుకుని. తరువాత మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. కేబుల్ రెండు కొసలకీ ఒకే నంబరు రాయండి. పరీక్షించేటప్పుడు లైట్లు వెలిగే చిన్న టెస్టర్‌ని నమ్మి ఆగిపోకండి. ల్యాప్‌టాప్ తగిలించి లింకు వేగం చూడండి. గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి, 100 మెగాబిట్లకి రెండు చాలు. 100 అని చూపిస్తే ఎక్కడో ఒక తీగ తెగిందనో, జాకులో సరిగా కూర్చోలేదనో అర్థం. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఏళ్ళతరబడి ఎవరికీ తెలియదు.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. గోడ కొట్టడానికి నాన్న ఒప్పుకోలేదు, నేను కూడా రెండోసారి అడగలేదు. కొత్త రంగు అది. కిందటి నెల సెలవుల్లో అదే ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచాం. హాల్లో టీవీ వెనకనుంచి బయటికి ఒక రంధ్రం, బయట గోడ వెంబడి పైపు, వెనక్కి తిరిగి నాయనమ్మ గదిలోకి ఇంకో రంధ్రం. లోపల రెండు మీటర్లు కేసింగ్ పట్టీ. చూడ్డానికి బాగోదు. స్లాబ్ రోజు వేసుంటే పైపు ఖర్చు తప్ప ఏమీ అయ్యేది కాదు, ఇప్పుడు రెండు రోజుల కూలీ అయింది. ఆయన ఆ రోజు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఎత్తాను. "పర్లేదు బాబూ, చాలా ఇళ్ళలో అసలు అడగనే అడగరు" అన్నాడు. అది ఓదార్పో కాదో తెలియలేదు.

నాయనమ్మ ఇప్పుడు మంచం మీద కూర్చునే మనవరాలితో అరగంట మాట్లాడుతోంది. నాన్న మాత్రం ఇంకా మెట్ల మలుపు దగ్గరికే వెళ్తున్నాడు. అలవాటైపోయిందట.

బాబాయ్ వాళ్ళ రెండో స్లాబ్ వచ్చే గురువారం. బుధవారం మన రెండో ఇంటర్నల్ ఉంది, అది రాసి సాయంత్రం బస్సెక్కుతాను. నిన్న అక్కడి ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి, పైకి వెళ్ళే పైపులు రెండు చాలా అని అడిగాడు. నాలుగు వెయ్యమన్నాను. పెట్టాక ఫోటో పంపమని కూడా చెప్పాను.